ఒకే ఇంటికి రెండు ఇంటిపేర్లు: ఏది మాది, ఎక్కడ వెతకాలి?

పెరంబూరు_పాతకాపు

మా కుటుంబం మూడు తరాలుగా చెన్నైలో ఉంటున్నది. తాతగారు తిరుత్తణి పక్కనున్న పల్లె నుంచి వచ్చి పెరంబూరులోని బిన్నీ మిల్లులో పనికి చేరారు. మా ఇంటిపేరు పెనుమూరి అని ఇంట్లో అందరూ చెబుతారు. తాతగారి బడి పత్రంలో పేరుకు ముందు ‘పి’ అనే పొడి అక్షరం ఉంది. నాన్నగారి దగ్గరికి వచ్చేసరికి ఇక్కడి మర్యాద ప్రకారం ఆ ‘పి’ పోయి తాతగారి పేరులోని మొదటి అక్షరం చేరింది. నాకు నాన్నగారి అక్షరం, నా పిల్లలకు నా అక్షరం. ఆ విధంగా కాగితాల మీద మా ఇంటిపేరు తాతగారితోనే ఆగిపోయింది.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. మేనత్తగారి ట్రంకుపెట్టెలో 1927 నాటి క్రయ దస్తావేజు ఒకటి బయటపడింది. పొలం అమ్మినవారు మా ముత్తాతగారే. ఆయన పేరూ, ఊరూ సరిపోతున్నాయి. కాని ఆయన ఇంటిపేరు ‘గుర్రం’ అని రాసి ఉంది. పెనుమూరి అన్న మాట ఆ పత్రంలో ఎక్కడా లేదు. పెదనాన్నగారు దీన్ని చూసి, మన పెద్దలు విజయనగర రాజుల అశ్వదళంలో పనిచేశారని, గుర్రం అన్నది వారి బిరుదని, పెనుమూరి తరువాత వచ్చిందని అంటున్నారు. ఆధారం అడిగితే పెద్దలు చెప్పారన్నదే ఆయన సమాధానం. మేనత్తగారి తరం దాటిపోతే అడగడానికి కూడా ఎవరూ మిగలరు. మా వాళ్లు ఎవరో తెలుసుకోవాలని గట్టిగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

నెల్లూరు_నంగనల్లూరు

పెనుమూరు చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు, నేడు మండల కేంద్రం కూడా. ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నదంటే, ఆ కుటుంబం ఆ ఊరు విడిచి వేరేచోట స్థిరపడిందని అర్థం. పెనుమూరులోనే ఉన్నవారిని పెనుమూరివారు అని ఎవరూ పిలవరు కదా. మీ తిరుత్తణిలోనే 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామానిది. బెంగళూరువారు తమవాడని చెప్పుకునే విశ్వేశ్వరయ్య గారి మోక్షగుండం కూడా ఊరే, అది ఉమ్మడి ప్రకాశం జిల్లాలోది. ఇద్దరి పేర్లకూ ముందు ఒక్క అక్షరమే మిగిలినా ఆ అక్షరం ఊరి ఆనవాలును కాపాడింది. మీ ‘పి’ కూడా అటువంటిదే. పెనుమూరు వెళ్లి అడగండి.

అక్షరసాక్షి

పై మాటతో సగం వరకే ఏకీభవిస్తాను. ఊరి పేరును బట్టి ఒక కుటుంబం అక్కడి నుంచి వచ్చి ఉండవచ్చునని అనుకోవచ్చు. ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో, అసలు ఆ ఊరేనా అన్నది పేరు చెప్పదు. తెలుగునాట ఒకే పేరుతో ఎన్నో ఊళ్లు ఉన్నాయి. ఇక గుర్రం అన్న ఇంటిపేరు ఒకరిది కాదు, పలు కులాలలో, పలు జిల్లాలలో ఉంది. వారందరి పెద్దలూ అశ్వదళంలో ఉన్నారని అనలేము. విజయనగరం పేరు చెప్పని కుటుంబ కథ మద్రాసు తెలుగువారిలో నేను తక్కువగా విన్నాను. నాయక రాజుల కాలంలో తెలుగు కుటుంబాలు పెద్ద ఎత్తున తమిళ దేశానికి వచ్చిన మాట చరిత్రే. కాని ఆ చరిత్ర మన ఇంటిదని చెప్పాలంటే మధ్యలో ఉన్న నాలుగు వందల ఏళ్లకూ ఏదో ఒక లంకె చూపించగలగాలి. చేతిలో ఉన్న 1927 నుంచి ఒక్కొక్క మెట్టు వెనక్కి వెళ్లడమే సరైన దారి.

కరణంగారి_మనవడు

పాతకాపు గారూ, దస్తావేజులో అమ్మినవారి పేరు దగ్గరే ఆగిపోకండి. చెక్కుబందీ చదవండి. తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరిది అని నాలుగు హద్దులూ రాసి ఉంటాయి. అన్నదమ్ములు పంచుకున్న పొలాలు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి కనుక హద్దుల్లో కనిపించే పేర్లు చాలాసార్లు దాయాదులవే అవుతాయి. తరువాత పత్రం వెనక్కి తిప్పండి. ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దాఖలైందో, ఆయనను గుర్తించిన సాక్షులు ఎవరో అక్కడ ఉంటుంది. ఆ సాక్షులు సాధారణంగా బావమరదులో, పక్కింటివారో అయి ఉంటారు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. తిరుత్తణి చేతులు మారిన వరుస తెలియకుండా వెళితే ప్రతి కార్యాలయంలోనూ ‘ఇక్కడ లేవు’ అన్న జవాబే వస్తుంది. ఆ ప్రాంతం మొదట ఉత్తర ఆర్కాటు జిల్లాలో కార్వేటినగరం జమీందారీ కింద ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు దానితో వెళ్లింది. రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదాలో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ గారి సిఫార్సుల తరువాత వచ్చిన 1959 నాటి చట్టంతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి తిరిగివచ్చి చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. 1997లో ఆ జిల్లాను విడదీసినప్పుడు తిరువళ్లూరు జిల్లాకు వచ్చింది. మీ ముత్తాతగారు కదలకుండా ఒకే ఇంట్లో కూర్చున్నా ఆయన ఊరి చిరునామా ఇన్నిసార్లు మారేది. కాబట్టి 1927 దస్తావేజు మీద చిత్తూరు జిల్లా అని ఉంటే ఆశ్చర్యపోకండి, 1890ల పత్రం కోసం చిత్తూరు పేరిట వెతకకండి.

పెరంబూరు_పాతకాపు

కరణంగారి మనవడు గారూ, చాలా సంతోషం. చిత్తూరు జిల్లా అనే ఉంది. హద్దుల్లో తూర్పున, ఉత్తరాన గుర్రం వారి భూములు, పడమర వంక, దక్షిణాన బండిబాట అని ఉంది. అంటే మేము గుర్రం వారమేనా?

అక్షరసాక్షి

అప్పుడే తీర్మానించకండి.

రాజపాళయం_కోడలు

మీరందరూ కాగితాలు చూస్తున్నారు, నేను మనుషుల సంగతి చెబుతాను. నేను పుట్టింది చెన్నైలో, మెట్టింది రాజపాళయంలో. అక్కడ మా అత్తవారి వైపు రాజు కులపు కుటుంబాలలో పిల్లలు బయట తమిళం మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు, పేరు ముందు తండ్రి అక్షరం పెట్టుకుంటారు. అయినా సంబంధం మాట వచ్చేసరికి పెద్దలు మొదట అడిగేవి గోత్రం, ఇంటిపేరు. ఎందుకంటే దాయాదులు అన్నాచెల్లెళ్ల వరస, వారి మధ్య పెళ్లి కూడదు. పత్రాల నుంచి పోయిన ఇంటిపేర్లు పెళ్లిళ్ల వల్లనే బతికి ఉన్నాయి.

కాబట్టి మీ మేనత్తగారిని ‘మన ఇంటిపేరేమిటి’ అని అడిగితే ఆమె పెనుమూరి అనే చెబుతారు, అది మీకు తెలిసినదే. ఆమెను ఇలా అడగండి: మన ఇంటి ఆడపిల్లలను ఏయే ఇళ్లకు ఇచ్చారు, ఏయే ఇళ్ల నుంచి తెచ్చుకున్నారు? గుర్రం వారితో మనకు వియ్యాలు ఉన్నాయా, లేవా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే సగం చిక్కు విడిపోతుంది. వియ్యం ఉంటే వారు మీకు దాయాదులు కాజాలరు. ఎన్నడూ లేకపోతే, ఎందుకు లేదని అడగండి.

మరొక మాట. ఆడవారి పుట్టింటిపేర్లు రాసుకోండి. దస్తావేజుల్లో స్త్రీని ఫలానావారి భార్య అనో, ఫలానావారి కూతురు అనో రాస్తారు, మెట్టినింటి పేరుతో ఆమె పుట్టినింటి పేరు కప్పబడిపోతుంది. మా అత్తగారు తమ అమ్మమ్మ పుట్టింటిపేరు వరకు గుక్క తిప్పుకోకుండా చెప్పేవారు. ఆమె పోయాక అంత వరుస చెప్పగలిగినవారు మా ఇంట్లో మరొకరు లేరు.

సందేహి_సైదాపేట

పెద్దలు క్షమించాలి. ఈ తవ్వకం వల్ల చివరికి బయటపడేది కులమే కదా. ఈ రాష్ట్రంలో పేరు చివర కులం తోక తీసేయడానికి ఎంతోమంది పాటుపడ్డారు. మళ్లీ దాన్ని వెనుక దారిలో తీసుకురావడం ఎందుకు?

అక్షరసాక్షి

సందేహి గారి భయం అర్థం లేనిది కాదు. పూర్వీకులను రాజులుగా, సేనానులుగా చూపించుకోవాలన్న ఆశతో చేసే వెతుకులాట చివరికి అక్కడికే చేరుతుంది. కాని కులం తోక వేరు, ఇంటిపేరు వేరు. ఒకే ఇంటిపేరు ఎన్నో కులాల వారికి ఉంటుందని పైనే చెప్పాను. పాతకాపు గారు అడుగుతున్నది పల్లె నుంచి మిల్లుకు వచ్చిన ఒక మనిషి గురించి. ఆయన ఎవరి కొడుకో, ఏ పొలం అమ్ముకొని ఎందుకు వచ్చారో మనుమడికి తెలియాలనుకోవడం గౌరవమైన కోరికే.

చూళైమేడు_చిన్నది

నాకు ఇంటిపేరు లేకపోవడం పాస్‌పోర్టులో తెలిసివచ్చింది. అందులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నందువల్ల అమెరికా వీసాలో నా పేరే ఇంటిపేరుగా పడి, పేరు ఉండవలసిన చోట పేరు తెలియదన్న అర్థంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని వచ్చింది. మా నాయనమ్మ చెప్పిన ఇంటిపేరును గెజెట్ ద్వారా చేర్చుకోవాలనుకుంటున్నాను. తప్పా?

కరణంగారి_మనవడు

తప్పేమీ లేదమ్మా. అయితే పాత పేరు, కొత్త పేరు రెండూ ఉన్న ఆ గెజెట్ ప్రతిని భద్రంగా ఉంచు. నీ తరువాతి తరానికి ఆ ఒక్క కాగితమే రెండు పేర్లనూ కలిపే వంతెన అవుతుంది.

ఎగ్మూరు_పాఠకుడు

ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన దస్త్రాల భాండాగారం గురించి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. గాంధీ ఇర్విన్ రోడ్డులోని ఆ ఎర్ర భవనం 1909 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలకు నిలయం. వంశ చరిత్రలు వెతికేవారు అక్కడ ముఖ్యంగా అడిగేవి ఇనాం రిజిస్టర్లు. ఇనాం కమిషన్ 1858లో ఏర్పడి ఊరూరా ఇనాం భూములను, అంటే శిస్తు తీసేసో తగ్గించో ఇచ్చిన భూములను, విచారించింది. ఇనాం ఎవరిచ్చారు, మొదట ఎవరు పొందారు, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉంది, వారికి మూలపురుషునితో వరుస ఏమిటి అన్న వివరాలు వరుసగా రాశారు. ఒక్కొక్కచోట మూడు నాలుగు తరాల పేర్లు ఒకే వరుసలో దొరుకుతాయి.

ఇనాం అంటే అగ్రహారాలకూ, గుడులకూ మాత్రమేనని చాలామంది అనుకొని ఆ రిజిస్టర్లను తెరవను కూడా తెరవరు. తలారికి, నీరటికి, కుమ్మరికి, కమ్మరికి, మంగలికి, గుడిలో మేళం వాయించేవారికి కూడా వారి వారి సేవకు ఇనాం మాన్యాలు ఉండేవి. పేదవారి పూర్వీకుల పేర్లు కూడా ఆ పుటల్లో ఉన్నాయి.

పాతకాపు గారి విషయంలో ఒక ఇబ్బంది ఉంది. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసిన రైత్వారీ గ్రామాలకు సెటిల్‌మెంటు రిజిస్టర్లు పందొమ్మిదవ శతాబ్దంలోనే తయారయ్యాయి. వాటిలో సర్వే నంబరుకు ఎదురుగా పట్టాదారు పేరు ఉంటుంది. జమీందారీ గ్రామాల లెక్కలు జమీందారు కచేరీలో ఉండేవి. 1908 నాటి ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం కింద కొన్నిచోట్ల సర్వే జరిగి హక్కుల రికార్డు తయారైంది. తక్కినవాటికి 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చిన తరువాతే రైత్వారీ సెటిల్‌మెంటు జరిగింది. కార్వేటినగరం జమీ గ్రామం కాబట్టి మీకు పందొమ్మిదవ శతాబ్దపు పట్టా జాబితా దొరకకపోవచ్చు. మీకు రిజిస్ట్రేషను పుస్తకాలే శరణ్యం.

దస్తావేజు_లేఖరి

వృత్తిరీత్యా చెప్పవలసిన మాట కొంత ఉంది. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజుల నకళ్లు మొదటి పుస్తకంలో ఎక్కుతాయి. దానికి రెండు సూచికలు: మొదటిది మనుషుల పేర్లను బట్టి, రెండవది ఆస్తిని బట్టి. రుసుము కట్టి వీటిని చూపించమని అడిగే హక్కు రిజిస్ట్రేషను చట్టంలోని 57వ సెక్షను ఎవరికైనా ఇచ్చింది. మీరు వారసులని నిరూపించుకోవలసిన అవసరం లేదు. పేర్ల సూచికలో గుర్రం, పెనుమూరి రెండూ వెతికించండి. ఒకే మనిషి ఒక పత్రంలో ఒక ఇంటిపేరుతో, మరొకదానిలో ఇంకొక ఇంటిపేరుతో ఉండవచ్చు. ఆస్తి సూచిక మాత్రం మోసం చేయదు, భూమి కదలదు కదా.

తిరుత్తణి వైపు పాత పత్రాలు తెలుగులో ఉంటాయి, ఇప్పుడు అక్కడ పనిచేసేవారిలో తెలుగు చదవగలిగినవారు అరుదు. కాబట్టి తెలుగు గొలుసుకట్టు రాత చదవగలిగినవారిని వెంట తీసుకువెళ్లండి. పదాల మధ్య ఎడం ఉండదు, అంకెలు తెలుగువి, సొమ్ము రూపాయలు, అణాల లెక్కలో ఉంటుంది.

ఇప్పుడు మీ దస్తావేజులో ఒక్క వాక్యం చూసి ఇక్కడ రాయండి. అమ్మేవారు ఆ భూమి తమకు ఎలా వచ్చిందో చెప్పే వాక్యం తప్పక ఉంటుంది. పిత్రార్జితమా, స్వార్జితమా, మరొకటా?

డర్బన్_వారి_దాయాది

మా కుటుంబంలో ఒక శాఖ మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు చెరకు తోటల పనికి వెళ్లింది. 1860లో ట్రూరో అనే ఓడతో మొదలైన ఆ ప్రయాణాలకు పట్టీలు ఉన్నాయి. ప్రతి కూలీకి ఒక సంఖ్య ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం రాశారు. ఇంటిపేరు గడి లేదు. అక్కడ స్థిరపడ్డాక నాయుడు అన్నదే ఇంటిపేరైపోయింది. అయినా తండ్రి పేరు, ఊరి పేరు ఉన్నందువల్ల అక్కడి ఆ శాఖవారు మమ్మల్ని గుర్తుపట్టి ఉత్తరం రాశారు. ఇంటిపేరు లేని పత్రాన్ని పనికిరాదని పక్కన పెట్టవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

విల్లివాకం_విశ్రాంత

కోట్టూర్పురంలో అన్నా శతాబ్ది గ్రంథాలయ భవనంలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో మెకంజీ కైఫీయత్తులు ఉన్నాయి. అవి ఊళ్ల స్థానిక చరిత్రలు, కుంపిణీ సర్వే అధికారి మెకంజీ కోసం కావలి సోదరులు ఊరూరా సేకరించినవి. వాటిలో చూడవచ్చునా?

ఎగ్మూరు_పాఠకుడు

చూడవచ్చు. అయితే 1821లో మెకంజీ చనిపోయేనాటికి పోగైన ఆ కైఫీయత్తుల్లో ఊరు ఎలా కట్టారు, గుడి ఎవరు ఎత్తారు, పాలెగాళ్లు ఎవరు, మిరాసీ, అంటే వంశపారంపర్య హక్కు, ఎవరిది అన్న సంగతులే ఎక్కువ. సాధారణ రైతు కుటుంబం పేరు పేరునా ఉంటుందని ఆశపడితే నిరాశే మిగులుతుంది. ఊరి కథ కోసం చదవండి, వంశం కోసం కాదు. జనాభా లెక్కల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. విదేశాల్లో ఉన్నవారు పాత జనాభా లెక్కల్లో తాతల ఇళ్లు చూసుకుంటారు. మన దేశంలో 1948 నాటి జనాభా లెక్కల చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు. ఆ దారి మూసి ఉంది.

మైలాపూరు_మనుమడు

డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటే సరిపోదా?

అక్షరసాక్షి

దగ్గరి చుట్టరికం ఉన్నవారు కూడా పరీక్ష చేయించుకొని ఉంటే వారితో సంబంధం తెలుస్తుంది. ఇంటిపేరు తెలియదు.

పెరంబూరు_పాతకాపు

మేనత్తగారి దగ్గర కూర్చొని దస్తావేజును అక్షరం అక్షరం చదివాము. లేఖరి గారు అడిగిన వాక్యం దొరికింది: ‘నా మామ వల్ల నాకు ప్రాప్తమై నేటివరకు నా స్వాధీనానుభవములో ఉన్న’ భూమి అని ఉంది. పిత్రార్జితం అన్న మాట లేదు.

రాజపాళయం కోడలు గారి ప్రశ్న అడిగినప్పుడు మేనత్తగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆమె మేనత్తను, అంటే మా తాతగారి చెల్లెలిని, ఇచ్చింది ఆ ఊరి గుర్రం వారింటికే. ‘వాళ్లు మనకు అమ్మ వైపువాళ్లు, వరసైన వాళ్లు’ అన్నారు. ఇంతకాలం ఈ సంగతి ఎందుకు చెప్పలేదంటే ఎవరూ అడగలేదన్నారు. పెదనాన్నగారికి కూడా ఆ పెళ్లి గుర్తుంది, కాని దానికీ ఇంటిపేరుకూ ఉన్న సంబంధం మేము ఎవరమూ ఆలోచించలేదు.

వకీలు_గుమాస్తా

ఇది ఇల్లటం వ్యవహారం. కొడుకులు లేనివారు కూతురికి పెళ్లి చేసి, పొలం పనికీ ఇంటికీ ఆసరాగా ఉండడానికి అల్లుడిని ఇంట్లోనే ఉంచుకొని, ఆస్తిలో వాటా ఇస్తామని మాట ఇచ్చేవారు. రెడ్డి, కమ్మ కుటుంబాలలో ఈ ఆచారాన్ని మద్రాసు హైకోర్టు ఎన్నో తీర్పుల్లో గుర్తించింది. ఇతరులలో కూడా వాడుకలో ఉండేది. ఇది దత్తత కాదు. దత్తుడు పుట్టింటి ఇంటిపేరు, గోత్రం వదిలి పెంచినవారివి తీసుకుంటాడు. ఇల్లటపు అల్లుడు పుట్టినింటి హక్కులు పోగొట్టుకోడు, ఇంటిపేరూ మారదు. కాని ఊరివారు ‘గుర్రం వారి అల్లుడు’ అని పిలిచి పిలిచి, పత్రం రాసినవారు కూడా గుర్రం అనే రాసి ఉంటారు. అటువంటి పత్రాలు మా ఆఫీసులో చూశాను. ఇంటిపేరు ఎక్కడా పలకనక్కరలేని పల్లెలో మనిషిని ఇంటిని బట్టే గుర్తుపడతారు.

కరణంగారి_మనవడు

గుమాస్తా గారు చెప్పినది చాలావరకు కుదురుతున్నది. ఒక్క అనుమానం మిగులుతుంది. ‘మామ’ అంటే పిల్లనిచ్చిన మామ కావచ్చు, మేనమామ కావచ్చు. మేనరికం జరిగిన ఇంట్లో ఇద్దరూ ఒక్కరే కావచ్చు. మేనమామ బిడ్డలు లేకపోవడంతో మేనల్లుడికి భూమి ఇచ్చి ఉన్నా దస్తావేజులో ఇదే వాక్యం రాస్తారు. గుర్రం వారు అమ్మ వైపువారని మేనత్తగారు అంటున్నారు. ఎవరి అమ్మ వైపు? మీ ముత్తాతగారి అమ్మ వైపా, మీ తాతగారి అమ్మ వైపా? అదొక్కటి తేలాలి.

రాజపాళయం_కోడలు

మహాలయ పక్షంలో మీ ఇంట్లో ఎవరైనా తర్పణం వదులుతారా? తండ్రి వైపు మూడు తరాలతో పాటు తల్లి తండ్రి, తాత, ముత్తాతల పేర్లు కూడా చెబుతారు. తాతగారి పేరిట తర్పణం చేసిన వారెవరైనా పేర్లు రాసిపెట్టుకొని ఉంటే ఆ కాగితం వెతకండి.

పెరంబూరు_పాతకాపు

కోడలు గారూ, అటువంటి కాగితం లేదు. కాని ఆ పెట్టె అడుగున మరొక పత్రం ఉంది, పాత నోటుపుస్తకం అట్టలో మడిచిపెట్టారు. భాగపరిష్కార పత్రం. తేదీ లేదు. ‘నందన నామ సంవత్సర మాఘ శుద్ధ’ వరకు చదవగలిగాను, తరువాత కాగితం చిరిగిపోయింది. ఇద్దరు గుర్రం అన్నదమ్ములు పంచుకున్నట్లుగా ఉంది. ఒకరి వాటాకు ఎదురుగా ‘ఇంట ఉంచుకొన్న అల్లునికి చెందవలసినది’ అని ఉంది. ఆ అల్లుడి పేరు ఉన్నచోట మడత పడి సిరా పోయింది. ఇంటిపేరు చదవలేకపోతున్నాము. ఈ నందన ఏ సంవత్సరం?

దస్తావేజు_లేఖరి

నందన అరవై ఏళ్లకు ఒకసారి వస్తుంది. 1952-53 ఒకటి, 1892-93 ఒకటి. మాఘమాసం కాబట్టి 1953 తొలి నెలలైనా కావాలి, 1893 తొలి నెలలైనా కావాలి. స్టాంపు కాగితం మీద ఎవరి బొమ్మ ఉందో చూడండి. విక్టోరియా రాణి ఉంటే 1893.

పెరంబూరు_పాతకాపు

రాణి బొమ్మే. పైన కిరీటం, పక్కకు తిరిగిన ముఖం.

వకీలు_గుమాస్తా

అయితే ఇల్లటం ఖాయమైంది. 1893 నాటికి ఇంట్లో అల్లుడిగా ఉన్న మనిషే 1927లో ఆ భూమిని మామ వల్ల వచ్చినదని చెప్పి అమ్మారు. మీరు పెనుమూరి వారే. గుర్రం వారు మీ తాతగారి అమ్మగారి పుట్టింటివారు.

అక్షరసాక్షి

ఖాయం అనే ముందు ఒక లంకె మిగిలి ఉంది. 1893 పత్రంలోని అల్లుడు, 1927లో అమ్మిన మనిషి ఒక్కరేనని చూపాలి. చిరిగిన చోట ఉన్న పేరు ఇంకెవరిదైనా కావచ్చు. అయినా వియ్యం సంగతి నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా కనిపిస్తున్నది. దాయాదులకు పిల్లనిచ్చుకోరు. పెదనాన్నగారి అశ్వదళం కథ సంగతి అటుంచితే, గుర్రం మీ తండ్రుల ఇంటిపేరు కాదన్నంతవరకు నిర్భయంగా చెప్పవచ్చు.

పెరంబూరు_పాతకాపు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ముత్తాతగారు 1927లో ఆ భూమి అమ్మిన కొద్దికాలానికే తాతగారు మద్రాసు వచ్చారని మేనత్తగారు చెప్పారు. అత్తవారిచ్చిన భూమి పోయాక ఊరిలో ఉండలేకపోయారేమో. ముత్తాతగారి భార్య పేరు మేము ఇంతవరకు తలచుకోనే లేదు. మేనత్తగారికి ఆమె పేరు తెలుసు, నేను రాసుకున్నాను. పత్రాలు రెండింటికీ ఫొటోలు తీయించి పిల్లలకు ఇచ్చాను. తరువాత ఏం చేయాలో చెప్పండి.

కరణంగారి_మనవడు

తిరుత్తణిలో 1893 నుంచి 1927 వరకు ఆస్తి సూచిక చూడండి. ఈ మధ్యకాలంలో ఆ భూమి తాకట్టు పడి ఉంటే, ఆ పత్రంలో ఆయన ఇంటిపేరు పెనుమూరి అని ఉండే అవకాశం ఉంది. అదే మీకు కావలసిన లంకె. ఊరి కరణంగారి వారసులను కూడా కలవండి. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. లెక్కలు అప్పగించినా కొన్ని సొంత దఫ్తరాలు ఇళ్లలోనే మిగిలాయి, మా ఇంట్లోనూ ఒక అటక నిండా ఉన్నాయి. పెనుమూరు ప్రయాణం ఆ తరువాత పెట్టుకోండి.

దస్తావేజు_లేఖరి

నకళ్లు వచ్చాక చదవడం కష్టమైతే ఇక్కడ పెట్టండి, నేను చదివి పెడతాను. ఆ చిరిగిన పత్రానికి మాత్రం అంటించే టేపు వేయకండి. కొన్నాళ్లకు జిగురు సిరాను తినేస్తుంది. పలుచని కాగితాల మధ్య పరచి, మడతలు లేకుండా ఉంచండి.

సత్యవేడు_సంతానం

ఇదంతా చదివాక మా ఇంటి సంగతి కూడా చూడాలనిపించింది. మాది సత్యవేడు ప్రాంతం, ఇప్పుడు అంబత్తూరులో ఉంటున్నాము. మా ఊరు ఇప్పుడు తిరుపతి జిల్లా అంటున్నారు. మాకు కూడా తిరుత్తణి దారే వర్తిస్తుందా?

కరణంగారి_మనవడు

మీకు దారి తిరగబడుతుంది. 1960లో తిరుత్తణి ఇటు వచ్చినప్పుడు పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల నుంచి కొన్ని గ్రామాలు అటు వెళ్లాయి, సత్యవేడు వైపువి అవే. అంతకు ముందు మీది చెంగల్పట్టు జిల్లా, 2022 వరకు చిత్తూరు జిల్లా. కాబట్టి 1960కి ముందటి భూమి రికార్డులను ఎగ్మూరులో చెంగల్పట్టు జిల్లా పేరిట అడగండి. ముందుగా ఊరి పేరు, పాత తాలూకా పేరు, ఇంట్లో ఉన్న పాత దస్తావేజు మీద ఏ రిజిస్ట్రారు ఆఫీసు ముద్ర ఉందో ఇక్కడ రాయండి.